పండుకున్నోనికే కార్డు

సిరిసిల్ల,
జనవరి 21, 2025

భాయిజాన్‌కు నాహీద్ సలాం.

మీ చెవుల మిషన్ మళ్ల పాడైందని భాభీ ఫోన్ల చెప్పింది. నేను ఇక్కడ ఫోన్ పట్టుకుని అరిస్తే మా గల్లీ అంత వింటది గని మీకు వినపడదు. గందుకే కాగితం తీసిన. మీరు నేర్పిన తెలుగే గదా. తప్పులుంటే చిన్నప్పుడు కోరుట్లల చేసినట్టు ఎర్ర ఇంకుతోని దిద్ది వాపసు పంపకండి. నాకిప్పుడు యాభై ఎనిమిదేండ్లు.

ఒక మంచి కబురు ఉన్నది. మా ఇంటాయనకు, బుష్రా అబ్బాకు మందులు బంద్ అయినయి. పోయినేడు జనవరిల ఆయన గుండె నరంల స్టెంటు వేసిన్రు గదా, అప్పటి సంది నెలనెలా గోలీలు కూడ ఆరోగ్య కార్డు మీదనే వచ్చినయి. మొన్న పోతే కౌంటర్ల పిల్ల కాగితం చూసి, "మీకు ఏడాది అయిపోయింది, ఇంక ఇక్కడ మందులు రావు" అన్నది. ఈయన నవ్వుకుంట బయటికి వచ్చిండు. "సర్కారోడు ఊకెనే ఎవ్వనికన్న ఇస్తడా? బీమారి ఉన్నన్ని దినాలు ఇచ్చిండు, పోయినంక బంద్ పెట్టిండు. నాకు నయమైంది" అన్నడు. నాకు కూడ గట్లనే అనిపించింది. డాక్టర్‌ను ఒక్క మాట అడుగుదామంటే లైను తలుపు దాటి మెట్ల మీదికి ఉన్నది. ఇద్దరం బస్టాండుల మిర్చి తిని ఇంటికొచ్చినం. ఏడాది తర్వాత నూనెది నోట్ల పెట్టిండు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

మీకు తెలుసు గదా, ఈయన బట్ట నేసే సాంచెలు బాగుచేసే మనిషి. మిషన్ నడుస్తుంటే దాన్ని ముట్టొద్దంటడు. తన ఒంటికి కూడ అదే లెక్క పెట్టిండు. ఇప్పుడు సిరిసిల్లల సగం సాంచెలు ఆగి ఉన్నయి, బట్టకు ఆర్డర్లు లేవు, ఈయన చేతులకు పని లేదు. బిడ్డ బుష్రా ప్రైవేటు బడిల చెప్తున్నది. ఇల్లు దాని జీతంతోనే నడుస్తున్నది. దాని సంబంధం సంగతి మీరు మర్చిపోయినట్టున్నరు. గుర్తు చేస్తున్న.

మీ చెల్లె
నాహీద్


జగిత్యాల,
జనవరి 27, 2025

చెల్లెలు నాహీద్‌కు దీవెనలు.

నీ ఉత్తరం మిర్చిల దాకా చదివి కింద పెట్టి, మంచినీళ్ళు తాగి మళ్ళీ తీశాను. ఎర్ర ఇంకు పెట్టాల్సింది నీ తెలుగుకు కాదు, మీ ఇద్దరి బుర్రలకు.

జాగ్రత్తగా చదువు. మీ దగ్గరున్న కార్డు పడుకున్నవాడికి, నిలబడ్డవాడికి కాదు. మంచమెక్కితే ఆపరేషన్, బెడ్డు, తిండి అన్నీ అదే చూసుకుంటుంది. మంచం దిగి నడుచుకుంటూ ఇంటికి పోయినవాడి రోజువారీ గోలీలకు దానికి సంబంధం లేదు. స్టెంటు వేసినవాళ్ళకు మాత్రం ఒక ఏడాది మందులు ఆ వైద్యంలోనే కలిపి ఇచ్చారు. ఆ ఏడాది ముగిసింది. ముగిసింది గడువు, రోగం కాదు. కార్డులో లక్షలున్నా గోలీకి ఒక్క పైసా రాదు.

స్టెంటు అంటే నరంలో పెట్టిన చిన్న జాలీ. దాని మీద రక్తం గడ్డకట్టకుండా కాపాడేది ఆ గోలీయే. మానేస్తే ఏమవుతుందో నేను రాయను, నీకు నిద్ర పట్టదు. నాకూ నాలుగేళ్ళ కింద పడింది కదా స్టెంటు, నన్ను అడగవచ్చు కదా! అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అన్ననే.

నాది వేరే కార్డు. రిటైరైన పంతుళ్ళకు ఇచ్చేది. పెన్షనర్ల దవాఖానలో నెలనెలా నడిచివెళ్ళినా మందులు ఇస్తారు, కాని నాకూ మీ భాభీకీ మాత్రమే. పెళ్ళయి పోయిన చెల్లెలు, ఆమె భర్త అందులోకి రారు. రక్తం పలచన చేసే గోలీలు రెండింటిలో నాకు ఇక ఒకటి చాలని పెద్ద డాక్టరు పోయినేడే అన్నారు. కౌంటర్లో మాత్రం పాత చీటీ చూసి రెండూ ఇస్తున్నారు. నేనూ కాదనలేదు. కొలెస్ట్రాల్ గోలీలు మీ భాభీకి కూడా ఇస్తారు, ఆమె మింగదు. అవన్నీ బీరువాలో పేరుకున్నాయి. మీ ఆయన ఫహీమ్ మియా చీటీ ఫోటో మీ భాభీ ఫోన్లో తెప్పించి నా చీటీతో సరిచూశాను. అవే పేర్లు. ఈ ఉత్తరంతోపాటు బస్సు కార్గోలో పంపుతున్నాను. ఇకమీదట నెలనెలా వస్తాయి. వచ్చిన రోజునుంచే మొదలుపెట్టించు.

బుష్రా సంగతి మర్చిపోలేదు. పిల్లవాడు దొరకాలి కదా.

మునావర్


సిరిసిల్ల,
ఫిబ్రవరి 6, 2025

భాయిజాన్,

పార్సెల్ అందింది. బస్టాండుకు పోయి నేనే తెచ్చుకున్న. మీరు తిట్టిన తిట్లు కూడ అందినయి. పుస్తకం భాషల తిడితే తిట్టు కూడ పాఠం లెక్కనే ఉంటది, కోపం రాదు.

గోలీలు మొదలుపెట్టినం. పొద్దుగాల ఒకటి, రాత్రి బువ్వ తిన్నంక రెండు. చేతుల పోసి నీళ్లిచ్చి మింగినంకనే లేస్తున్న. బుష్రా అబ్బా మొదలు నమ్మలే. "మీ అన్నకు అన్నిట్ల భయమే" అన్నడు. తర్వాత "ఇన్ని గోలీలు ఆయనకెక్కడియి?" అని అడిగిండు. "భాయిజాన్ దగ్గర ఎక్కువైనయట, పారేసే బదులు పంపిండు" అన్న. గా మాట కొంచెం నచ్చింది ఆయనకు. పారేసేటియి అంటే తీసుకుంటడు. పెట్టేటియి అంటే తీసుకోడు.

గందుకే ఒక సంగతి చెప్తున్న, తప్పుగ అనుకోకండి. మీ ఉత్తరాలు ఈయన చదవడు, ఉర్దూ తప్ప అక్షరం రాదు. నేనే చదివి వినిపిస్త. గుచ్చుకునే మాట వస్తే ఎగరగొట్టి చదువుత. పోయిన ఉత్తరంల మీరు ఇద్దరి బుర్రల గురించి రాసింది ఎగరగొట్టిన. మీ అల్లుండ్ల లెక్క కాదు ఈయన. మన ఇంటికొచ్చిన నాటి సంది మన అబ్బా దగ్గర చేతి గడియారం తప్ప ఏమీ తీసుకోలే. మీరు రాసేటప్పుడు జర చూసి రాయండి.

ఇంకోటి అడగాలె. మా వీధి దవాఖానల బీపీకి, షుగర్‌కు గోలీలు ఊకెనే ఇస్తరు. గుండెయి అడిగితే అన్నీ లేవు, కొన్ని బయట కొనుక్కోండి అన్నరు. పెద్ద మెడికల్‌ల కొంటే మాతోటి కాదు. కొత్త బస్టాండు దిక్కు ఒక జెనరిక్ మందుల దుకాణం ఉన్నది. అక్కడ పావు వంతుకే దొరుకుతయట. మందు అదే, డబ్బ మీద పేరు వేరే అని బుష్రా అంటది. అంత సస్తాగ ఉన్నది ఏం పని చేస్తదని పక్కింటోళ్లు అంటరు. మీరు చదువుకున్నోళ్లు. అది తీసుకోవచ్చునా? గట్లయితే మీకు కూడ తిప్పలు తప్పుతయి.

భాభీకి సలాం. పోయినసారి పెండ్లిల ఆమె నన్ను చూసి కూడ పలకరించలే. గది కూడ నేను ఎగరగొట్టిన.

నాహీద్


జగిత్యాల,
మార్చి 8, 2025

నాహీద్‌కు, రంజాన్ ముబారక్.

ఈసారి పార్సెల్ ఆలస్యమైంది. పెన్షనర్ల దవాఖానలో ఈ నెల గుండె మందుల స్టాకు రాలేదు. రెండు సార్లు తిరిగాను. నా బీరువాలో కూడా అయిపోవచ్చాయి. ఆగితే ఫహీమ్ మియాకు ఖాళీ పడుతుందని పెద్ద మెడికల్ షాపులో ఖరీదు పెట్టి కొని పంపుతున్నాను. కాబట్టి దిగులు పడకు.

జెనరిక్ దుకాణం గురించి అడిగావు. దాని జోలికి పోకు. ప్రాణంతో వ్యవహారం. చౌకగా దొరికేదాంతో ప్రయోగాలు వద్దు. నేను ఉండగా నీకు ఆ దుకాణాల చుట్టూ తిరిగే అవసరమేమిటి? అన్నను నేను ఉన్నాను.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ నెల మందులు నా డబ్బుతో కొన్నవి కనుక వీటిని నా జకాత్ కింద లెక్క వేసుకున్నాను. ఉన్నవాడు ఏటా లేనివాడికి తీసి పెట్టాల్సిన వాటా అది. బయట ఎవరికో ఇచ్చేకన్నా సొంత రక్తసంబంధంలోని పేదవాళ్ళకు ఇస్తే రెండింతల పుణ్యమన్నారు. తీసుకునేవాళ్ళకు చెప్పనక్కర లేదు, మనసులో అనుకుంటే చాలని మౌలానా సాబ్ అన్నారు. కాని ముప్పై మూడేళ్ళు పిల్లలకు నిజం చెప్పమని పాఠం చెప్పినవాణ్ణి. పేరు మార్చి ఇవ్వడం నాకు నచ్చదు. ముందు ముందు కొనాల్సివచ్చినా ఇలాగే లెక్క వేస్తాను. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ఉన్న స్థితి ఉన్నట్టు ఒప్పుకోవడమే మర్యాద.

గుండె జబ్బున్న మనిషి ఉపవాసాలు ఉండనక్కర లేదని ఫహీమ్ మియాకు చెప్పు.

మునావర్


సిరిసిల్ల,
మార్చి 22, 2025

భాయిజాన్,

కోరుట్లల అమ్మ అక్క, మన పెద్ద ఖాలా పోయిన సంగతి భాభీ మీకు రాసి చూపించే ఉంటది. నేను నాలుగు దినాలు అక్కడనే ఉన్న. మీరు రాలేదని అందరు అడిగిన్రు. చెవులు వినపడయి గని కాళ్లు నడుస్తయి గదా అన్నది చిన్న ఖాలా.

నేను లేనప్పుడు మీ పార్సెల్ వచ్చిందట. బుష్రా తెచ్చి, ఉత్తరం వాళ్ల అబ్బాకు చదివి వినిపించిందట. నేను వచ్చి ఉత్తరమేది అంటే దొరకలే. "ఏం రాసిండు భాయిజాన్?" అని ఈయన్ను అడిగితే, "అందరు మంచిగున్నరట, నీకు సలాం చెప్పిండు" అన్నడు. బుష్రాను అడుగుదామంటే పరీక్షల పేపర్లు ముందలేసుకుని కూసున్నది. ఏదో జకాత్ మసలా, ధర్మం సంగతి, రాసిన్రని మాత్రం అన్నది. మీకు రంజాన్ వచ్చిందంటే పాఠాలు చెప్పుడు అలవాటే గదా అనుకున్న. జెనరిక్ దుకాణం వద్దన్నరట. సరే, మీరు వద్దన్నంక పోను.

నేను వద్దన్నా ఈయన ఉపాసాలు ఉంటున్నడు. నా చేతికెళ్లి గోలీలు తీసుకుంటలేడు. "నేనేమన్న చిన్న పోరన్నా, డబ్బ నా దగ్గర ఉండనీ" అని తన అల్మారిల పెట్టుకున్నడు. ఇఫ్తార్ అయినంక రామస్వామి ఇంటికి పోయి కూసుంటున్నడు. మీకు రామస్వామి తెల్వదు. ఈయనతోని ఇరవై ఏండ్లు ఒక్క షెడ్డుల సాంచెలు నడిపిన మనిషి. వీళ్లిద్దరికి పోయినేడు నెల తేడాతోని స్టెంట్లు పడ్డయి, ఒక్క డాక్టరే. "మేము స్టెంటు అన్నదమ్ములం" అని నవ్వుకుంటరు.

గోలీలు వేసుకున్నవా అంటే "అయిపోయినయి" అంటడు. మంచిగనే ఉన్నడు. మీ పుణ్యం.

నాహీద్


జగిత్యాల,
ఏప్రిల్ 12, 2025

నాహీద్‌కు,

స్టాకు వచ్చింది. నా వాటాలోంచి పంపుతున్నాను, తీసుకో.

పండుగకు మీరు ముగ్గురూ వస్తారని మీ భాభీ షీర్ ఖుర్మా తీసి పక్కన పెట్టింది. సాయంత్రానికి పాలు విరిగాయి. నువ్వు రాలేదు, రాలేమన్న మాట కూడా లేదు. ఫహీమ్ మియా పండుగ నాడు ఒక కబురైనా పంపలేదు. నేను లెక్కలు చూసుకునే మనిషిని కాదు కాని, నెలనెలా ఒక మనిషి బస్టాండుకు పోయి పార్సెల్ కడుతుంటే, అవతలి మనిషి పండుగకు ఒక సలాం చెప్పలేడా? మీ భాభీ అన్న మాట రాయను. నువ్వు ఎగరగొట్టుకుంటూ చదవాల్సివస్తుంది.

బుష్రాకు ఒక సంబంధం ఉంది, వెల్గటూర్ వాళ్ళు. పిల్లవాడు మస్కట్‌లో డ్రైవరు. మీకు ఇష్టమైతే చెప్పు. లేకపోయినా చెప్పు. జవాబు మాత్రం ఇవ్వు.

మునావర్


జగిత్యాల,
మే 9, 2025

నాహీద్‌కు,

ఈసారి పార్సెల్ లేదు. ఎందుకో చదువు.

నిన్న నా పాత శిష్యుడు జీవన్ ఇంటికి వచ్చాడు. ఇక్కడ కాలేజీ ఆఫీసులో పని చేస్తాడు, సొంతూరు సిరిసిల్ల. జేబులోంచి ఒక గోలీల పట్టీ తీసి, "సార్, మా నాయిన వేసుకునే గోలీ ఇది. ఈ నెలవి అయిపోవచ్చాయి. పట్టీ మీద సర్కారు ముద్ర ఉంది, మీ పెన్షనర్ల దవాఖానలో ఇచ్చేదే కదా, బయట ఎక్కడ దొరుకుతుంది?" అని కాగితం మీద రాసి అడిగాడు. నీకెక్కడిది అంటే, "ఫహీమ్ చాచా ఇస్తాడు" అన్నాడు. వాళ్ళ నాయిన పేరు రామస్వామి.

అమ్మకానికి కాదని ఆ పట్టీ మీదే అచ్చువేసి ఉంటుంది. నా పేరు మీద తీసుకున్న మందు సిరిసిల్లలో చేతులు మారుతోందని తెలిస్తే నా కార్డు ఉంటుందా? ఈ వయసులో నన్నూ మీ భాభీనీ ఏ దవాఖాన గుమ్మం ఎక్కమంటావు? నేను మందు కడుపు కట్టుకుని పంపలేదు, నిజమే. కాని పరువు పణంగా పెట్టి పంపాను. కౌంటర్లో నోరు మూసుకుని రెండో గోలీ తీసుకున్న ప్రతిసారీ దొంగలా చెయ్యి చాచాను. ఎవరికోసం?

పని లేని మనిషి కష్టం నాకు తెలియంది కాదు. డబ్బు కావాలంటే నోరు తెరిచి అడగవచ్చు. మందు అమ్ముకోవడం ఏమిటి? ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళను చూశాను, ఏరు మధ్యలో తెప్ప అమ్ముకునేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను.

ఈ ఉత్తరంలో ఒక్క మాట కూడా ఎగరగొట్టకుండా ఫహీమ్ మియాకు చదివి వినిపించు.

మునావర్


సిరిసిల్ల,
మే 14, 2025

భాయిజాన్,

ఎగరగొట్టకుంట చదివిన. మీరు అన్నట్టే.

చదివేటప్పుడు ఆయన గోడకు ఆనుకుని కూసున్నడు. అయిపోయినంక నేనే అడిగిన, "రామస్వామికి గోలీలు ఇస్తున్నవా?" అని.

"ఆ, ఇస్తున్న" అన్నడు.

"అమ్ముతున్నవా?"

నన్ను ఒక చూపు చూసిండు. ముప్పై రెండేండ్లల గట్ల చూడలే ఎప్పుడు. "గీ మాట నీదా, మీ అన్నదా?" అన్నడు. అల్మారిల బట్టల కింద పెట్టిన మీ మార్చి నెల ఉత్తరం తీసి నా ముందల పడేసిండు. "గిది కూడ చదువు. నీ బిడ్డ అంత చదివింది, ఒక్క ముక్క ఇడిసిపెట్టలే" అన్నడు.

నేను అప్పుడు చదివిన భాయిజాన్. నేను ఇంట్ల ఉంటే గా నాలుగు లైన్లు ఈయన చెవుల పడకుంట చూస్తుంటి. బుష్రా మీ శిష్యుల లెక్కనే చదివింది. మామూ రాసింది రాసినట్టు.

"జకాత్ తినేటంత దానికి నా చేతులు ఏం పడిపోయినయి?" అన్నడు ఆయన. "పని లేదు, గంతే. రామస్వామికి నాకన్న లేదు. కొడుకుది చిన్న నౌకరి. గాయన కూడ ఏడాది అయినంక మందులు బంద్ పెట్టి కూసున్నడు, మా లెక్కనే నయమైందనుకుని. జకాత్ లేనోనికి చేరాలె. చేరవెట్టిన. మీ అన్న పుణ్యం ఎక్కడికీ పోలే."

"మరి నువ్వు?" అన్న.

"నాకు బాగనే ఉన్నది గదా. సాంచెలు మళ్ల నడవనీ, నా మందులు నేను కొనుక్కుంట."

రంజాన్ సంది ఈ మనిషి ఒక్క గోలీ మింగలే. నేను రోజు అడిగిన, రోజు అయిపోయినయి అన్నడు. అబద్ధం కూడ చెప్పలే చూడండి. అయిపోయినయి నిజంగనే.

రామస్వామికి తెలిసి, మిగిలిన గోలీలు చేతుల పట్టుకుని ఉరికొచ్చిండు. "నీకు ఎక్కువ ఉన్నయంటే తీసుకున్న ఫహీమ్ భాయ్, నీ నోటికాడియి అని తెలిస్తే నేను ముడ్తునా? దండం పెడ్త, వేసుకో" అని ఏడ్చిండు. ఈయన ఒకటే మాట. "ఇచ్చినది వాపసు తీసుకోను."

నేను నిన్న గా జెనరిక్ దుకాణానికి పోయిన. మీరు వద్దన్నదానికి. అక్కడున్న పిల్ల నా పాత చీటీ చూసి అన్నీ ఉన్నయన్నది. నెల మొత్తానికి అయ్యేది ఈయన రోజు తాగే చాయ్‌ల కన్న తక్కువ. ఇది మంచిదేనా అంటే మీ సర్కారు పట్టీ చూపెట్టమన్నది. నా సంచిల రామస్వామి తెచ్చిన పట్టీ ఉండె. "ఇది కూడ ఇదే అమ్మా, దీని మీద కూడ కంపెనీ పెద్ద పేరు లేదు, మందు పేరే ఉన్నది" అన్నది. అంటే నాలుగేండ్ల సంది మీరు మింగుతున్నది గదే భాయిజాన్. మీకు మంచిది నాకు ప్రయోగం ఎట్లయింది? మాకు గా దుకాణం ముందే చూపెడితే ఈయన తన పైసలతోని కొని, తన చేతితోని మింగుతుండె. మీకు పార్సెల్ కట్టే పని లేకుంట పోతుండె, గంతే గదా నష్టం.

చీటీ ఏడాది దాటింది, మధ్యల గోలీలు ఆపిన్రు కాబట్టి డాక్టర్‌కు చూపెట్టి కొత్తది తెమ్మన్నది ఆ పిల్ల. సోమవారం పోతున్నం. ఆయన ఒప్పుకున్నడు, తన పైసలతోని అంటే ఒప్పుకున్నడు. బుష్రా రెండు దినాల సంది బువ్వ తింటలేదు.

మీ కార్డుకు ఏం కాదు. జీవన్‌కు నేను చెప్పుకుంట. మీరు ఇంక మందులు పంపకండి.

నాహీద్


జగిత్యాల,
మే 17, 2025

నాహీద్‌కు,

నీ ఉత్తరం అందింది. అమ్ముకున్నాడన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. జీవన్ చెప్పింది సగం విని మిగతా సగం నేను అనుకున్నాను. వినపడనివాడి బతుకు ఇంతే.

అయితే నాకూ ఒక మాట చెప్పుకోనివ్వు. జకాత్ అనడంలో అవమానం ఏముంది? పేరు దాచి ఇస్తే రేపు తెలిసినప్పుడు మోసం చేశావనేవారు. నేను చదువుకున్న పద్ధతి అది. ఫహీమ్ మియాకు కోపం వస్తే నా మీద చూపాలి, తన గుండె మీద చూపితే ఎవరికి నష్టం? ఆయనకు నచ్చజెప్పాల్సింది నువ్వు. రెండు నెలలు ఒక్క ఇంట్లో ఉండి మనిషి మందు మింగుతున్నాడో లేదో చూసుకోలేదా?

జెనరిక్ సంగతి నేను అంత ఆలోచించి రాయలేదు. నువ్వు నా మీద ఆధారపడటం నాకు ఇష్టమని అనుకుంటున్నావేమో, అది తప్పు.

సోమవారం డాక్టరు ఏమన్నాడో రాయి. నేను ఆదివారం వద్దామనుకున్నాను కాని మీ భాభీకి మోకాళ్ళు బాగాలేవు. వచ్చే వారం తప్పకుండా వస్తాను. ఆయనతో కూర్చుని ఎదురుగా మాట్లాడుకుంటే అన్నీ సర్దుకుంటాయి.

మునావర్


సిరిసిల్ల,
జూలై 2, 2025

భాయిజాన్‌కు,

మీరు వచ్చిన్రు, మట్టి ఇచ్చిన్రు, మూడో దినం ఫాతెహాకు కూడ ఉండి పోయిన్రు. మనం ఒక్క మాట మాట్లాడుకోలే. నేను మొగడు పోయినోళ్ల ఇద్దత్‌ల ఉన్న, నాలుగు నెలల పది దినాలు గడప దాటను. చేతుల పని లేదు. గందుకే రాస్తున్న.

మీ మే నెల ఉత్తరం ఆయన పోయినంక రెండో దినం వచ్చింది. ఇంటి నిండ చుట్టాలున్నరు. ఎవరో తెచ్చి నా ఒళ్లె వేసిన్రు. వచ్చే వారం ఎదురుంగ కూసుని మాట్లాడుకుంటమని రాసిన్రు. నేను గది చదివి పక్కకు పెట్టిన.

ఏమైందని అందరు అడిగిన్రు గని మీరు అడగలే. నేనే చెప్త. డాక్టర్ దగ్గరికి పోవాల్సిన సోమవారం ఇంక రాకముందే, శనివారం పొద్దున షెడ్డుకు పోయిండు. ఎవరిదో సాంచె చాన దినాలకు నడిపిస్తున్నరంటే సంబరంగ పోయిండు. పానాతోని నట్టు బిగించుకుంట గట్లనే కూసుండిపోయిండట. రామస్వామే ఎత్తుకుని బయటికి తెచ్చిండు. స్టెంటుల రక్తం గడ్డకట్టిందని కరీంనగర్ల చెప్పిన్రు. వాళ్లు చేసేదంత చేసిన్రు, ఎవ్వరినీ అనేది లేదు. ఆదివారం పగటి పూట పానం పోయింది.

అంబులెన్సు, బెడ్డు, ఆపరేషన్, ఆక్సిజన్, రక్తం, అంత కార్డు మీదనే అయింది. మా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలే. మీరు చెప్పిందే నిజం భాయిజాన్. ఆయన పండుకున్నడు గదా, కార్డు మంచిగ పనిచేసింది. నిలవడి ఉన్నన్ని దినాలే ఎవ్వరికీ పట్టలే.

మా ఇంటికి వచ్చినోళ్లందరు ఫహీమ్ అసొంటి మనిషి లేడంటున్నరు. చచ్చినోని కండ్లు చారెడు. బతికున్నప్పుడు ఒక్కడన్న ఆయనకు పని ఇయ్యలే. మీరు కూడ మూడో దినం నాడు నలుగురిల కూసుని "స్వాభిమానం గల మనిషి" అన్నరు. నేను పర్దా వెనుక విన్న. స్వాభిమానం ఉన్నదని మీకు ఫిబ్రవరిలనే రాసిన గదా, జర చూసి రాయండి అని. మీకు ఉత్తరం రాసిన చేతిని నరుక్కోవాలె అనిపించింది.

మీరు నన్ను అడిగిన్రు, ఒక్క ఇంట్ల ఉండి చూసుకోలేదా అని. చూసుకోలే. రోజు పొద్దుగాల లేచి అదే మాట నన్ను నేను అడుగుతున్న. బుష్రా నన్ను అడగది, నేను దాన్ని అడగ. ఇద్దరం ఒక్క పళ్లెంల తింటున్నం, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. రామస్వామి బాగున్నడు. మీరు పంపిన గోలీలు ఆయనకు పనిచేసినయి. రోజు నడుస్తడు, మొఖానికి రంగు వచ్చింది. గడప బయట కూసుండి "ఫహీమ్ భాయ్ పెట్టిన బతుకు" అంటడు. నేను తలుపు సందుల నుంచి ఆయన చెప్పులు చూస్త, మొఖం చూడలేకపోతున్న. ఆయన గూడ ఇప్పుడు గోలీలు మానేసిండట. ఫహీమ్ నోటికాడిది తిన్న, ఇంక నాకెందుకు బతుకు అంటున్నడని సింధూజ, వాళ్ల కోడలు, ఏడ్చుకుంట చెప్పింది. డాక్టర్ దగ్గరికి తీసుకపోయి కొత్త చీటీ రాయించింది గని, తన పైసలతోని కొడుకు కొని తెచ్చినా మింగుతలేడు. ఫహీమ్ ఇచ్చినదే మింగుతడట. పిచ్చి ముసలోడు.

గందుకే మీరు మళ్ల పార్సెల్ పంపాలె. మీ పెన్షనర్ల కార్డు మీద తీసుకున్నయి కాదు, అవి మీకు, భాభీకి రాసినయి, మీరే వేసుకోండి. రామస్వామి కొత్త చీటీ మీకు జీవన్ ఇస్తడు. జగిత్యాలల కూడ జెనరిక్ దుకాణం ఉన్నదట, అక్కడ మీ పైసలతోని కొనండి. డబ్బ నేను ఇక్కడ రామస్వామి చేతుల పెట్టిస్త. ఫహీమ్ అల్మారిల మిగిలినయి అని చెప్పిస్త. పేరు మార్చి ఇచ్చుడు మీకు నచ్చదని తెలుసు. ఆయనకు జకాత్ ఇయ్యొచ్చునా, ఇయ్యొద్దా అని మౌలానా సాబ్‌ను అడగకండి. ఏ లెక్కల రాసుకోకండి. నెలనెలా ఇరవయ్యో తారీకుకు ముందే బస్సుల ఎక్కించండి.

పార్సెల్ల మందులు పెట్టండి భాయిజాన్. ఉత్తరం పెట్టకండి.

నాహీద్